పాత పొక్లెయిన్‌కు మళ్ళీ ప్రాణం: ఇంజను మోగితే యంత్రం బతికినట్టేనా?

మూతపడిన క్వారీలో ఏళ్ళ తరబడి కదలకుండా పడి ఉన్న ఎక్స్‌కవేటర్‌కు కొత్త బ్యాటరీలు తగిలించి, డబ్బాతో డీజిల్ పోసి సెల్ఫ్ కొట్టగానే, అది నల్లటి పొగ చిమ్ముతూ మోగడం ఇప్పుడు వీడియోల్లో తరచుగా కనిపించే దృశ్యం. చూసినవారికి సహజంగా రెండు ఆలోచనలు కలుగుతాయి. పాతకాలపు యంత్రాలు ఎంత గట్టివో అన్నది ఒకటి. మన దగ్గర మూలన పడి ఉన్నదాన్ని కూడా ఇలాగే బాగుచేసుకోవచ్చు కదా అన్నది రెండోది. ఆ వీడియోలు ఎక్కువగా ఇంజను మోగిన చోటే ఆగిపోతాయి కనుక రెండో ఆలోచనకు కావలసిన సమాధానం వాటిలో దొరకదు. హైడ్రాలిక్ యంత్రంలో ఇంజను చేసే పని పంపును తిప్పడం వరకే. మట్టి తవ్వేది, బరువు ఎత్తేది, యంత్రాన్ని ముందుకు నడిపేది ఆయిల్. కాబట్టి పాత ఎక్స్‌కవేటర్ బతుకుతుందా లేదా అన్న ప్రశ్నకు జవాబును పొగ గొట్టం దగ్గర కాక ఆయిల్ ట్యాంకులో వెతకాలి. అది ఎందుకో మొదటినుంచీ చూద్దాం.

పొక్లెయిన్ అనే పేరు, ఆ యంత్రం పుట్టుక

తెలుగునాట చైన్ల మీద నడిచే తవ్వకపు యంత్రాన్ని ఏ కంపెనీ తయారుచేసినా పొక్లెయిన్ అనో, ప్రొక్లెయిన్ అనో, ప్రొక్లెయినర్ అనో అంటారు. చక్రాల మీద నడుస్తూ ముందు తొట్టి, వెనుక బకెట్ ఉన్నది జేసీబీ. రెండూ కంపెనీల పేర్లే. పొక్లెయిన్ ఫ్రాన్సు దేశపు సంస్థ. వ్యవసాయ యంత్రాలతో మొదలై 1951లో టీయూ అనే హైడ్రాలిక్ తవ్వకపు యంత్రాన్ని తెచ్చింది. జర్మనీకి చెందిన డెమాగ్ 1954లో చైన్ల మీద నడుస్తూ పైభాగం పూర్తిగా చుట్టూ తిరిగే బి504ను తయారుచేసింది. పొక్లెయిన్ 1961లో తెచ్చిన టీవై45 కూడా అలా గుండ్రంగా తిరిగేదే. అంతకుముందు కాలంలో తవ్వకానికి వాడిన యంత్రాలు ఎక్కువగా ఉక్కు తీగల తాళ్ళు, డ్రమ్ములు, క్లచ్‌లతో పనిచేసేవి. ఒత్తిడితో తవ్వాలన్న ఊహ మాత్రం అంతకంటే పాతది. ఇంగ్లండులో హల్ రేవు నిర్మాణంలో ఆర్మ్‌స్ట్రాంగ్ కంపెనీ 1882లోనే నీటి ఒత్తిడితో నడిచే తవ్వకపు యంత్రాన్ని వాడింది.

మన దేశంలో 1970ల దశకంలో ఎల్ అండ్ టీ సంస్థ పొక్లెయిన్ సాంకేతిక సహకారంతో బెంగళూరులో ఎక్స్‌కవేటర్లు తయారుచేసింది. ఆ పేరు మన నోళ్ళలో స్థిరపడడానికి అదే దారి. జేసీబీ 1979లో ఎస్కార్ట్స్ భాగస్వామ్యంతో వచ్చింది. టెల్కో (నేటి టాటా మోటార్స్) 1984లో హిటాచీతో ఒప్పందం చేసుకుంది. ఇప్పుడు మూలన పడి కనిపించే పాత యంత్రాల్లో చాలావరకు ఈ పరంపరకు చెందినవే.

పాత యంత్రం అని ఈ వ్యాసంలో అంటున్నది కంప్యూటర్ నియంత్రణ లేని తరాన్ని. డ్రైవరు లివర్ లాగితే కడ్డీ ద్వారానో, తక్కువ ఒత్తిడి ఆయిల్‌తో సంకేతం పంపే చిన్న పైలట్ గొట్టం ద్వారానో, ఆయిల్‌ను కావలసిన సిలిండరుకు మళ్ళించే కంట్రోల్ వాల్వు కదిలే తరం అది. మరమ్మతుకు ఇది గొప్ప అనుకూలత. సెన్సారు పాడైతే యంత్రమంతా నిలిచిపోయే బాధ లేదు, సాఫ్ట్‌వేర్ కోసం కంపెనీ తలుపు తట్టనక్కర లేదు. విడిభాగాల సంగతి మాత్రం సగం సులువు, సగం కష్టం. బేరింగులు, ఆయిల్ కారకుండా ఆపే సీళ్ళు, హోస్ పైపులు కొలతను బట్టి దొరుకుతాయి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట పాత సీలు చేతికిచ్చి దానికి సరిపడేది తెచ్చుకోవచ్చు. పంపు లోపలి భాగాలు, కంట్రోల్ వాల్వులో అటూ ఇటూ జరిగి ఆయిల్ దారి మార్చే స్పూళ్ళు అనే కడ్డీలు అలా కొలత చూసి కొనేవి కావు. అవి ఆ యంత్రానికే చెందినవి. పొక్లెయిన్ ఎక్స్‌కవేటర్ల వ్యాపారం అమెరికాకు చెందిన కేస్ కంపెనీ చేతికి వెళ్ళింది. పొక్లెయిన్ పేరుతో నేటికీ నడుస్తున్నది హైడ్రాలిక్ మోటార్లు తయారుచేసే విభాగం.

ఒత్తిడి బలాన్నిస్తుంది, ప్రవాహం వేగాన్నిస్తుంది

మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట కలిగించిన ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పాకుతుందన్నది పాస్కల్ సూత్రం. బూమ్‌ను, అంటే యంత్రపు పెద్ద చేతిని, ఎత్తే సిలిండర్ లోపలి వ్యాసం 12 సెంటీమీటర్లు అనుకుందాం. పిస్టన్ వైశాల్యం సుమారు 113 చదరపు సెంటీమీటర్లు అవుతుంది. ఆయిల్ ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 250 కిలోలైతే ఆ ఒక్క సిలిండరు నెట్టే బలం 28 టన్నులు దాటుతుంది. పంపు నిమిషానికి 120 లీటర్ల ఆయిల్ పంపితే, అంటే సెకనుకు 2,000 ఘన సెంటీమీటర్లు పంపితే, పిస్టన్ సెకనుకు దాదాపు 18 సెంటీమీటర్లు కదులుతుంది. అరిగిన పంపు 80 లీటర్లే ఇస్తే వేగం 12 సెంటీమీటర్లకు పడిపోతుంది.

ఈ లెక్కలో ఒక అపోహ కూడా తొలగిపోవాలి. పంపు ఒత్తిడిని పుట్టించదు, ప్రవాహాన్నే ఇస్తుంది. ఆ ప్రవాహానికి బరువు అడ్డుపడినప్పుడు ఒత్తిడి పుడుతుంది, మితిమీరినప్పుడు రిలీఫ్ వాల్వు తెరుచుకుని ఆయిల్‌ను ట్యాంకుకు మళ్ళిస్తుంది. అందుకే ఖాళీ బకెట్ చురుగ్గా కదిలినంత మాత్రాన యంత్రం బాగున్నట్టు కాదు. అడ్డు లేనప్పుడు అరిగిన పంపు కూడా బాగానే పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది.

అరుగుదల ఎంత కఠినమైనదో చూడండి. స్పూలుకూ దాని గూటికీ మధ్య ఉండే ఖాళీ 10 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) అటూ ఇటూ ఉంటుంది. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఇంత సన్నని సందులోంచి కారే ఆయిల్ ఖాళీ వెడల్పుకు ఘనం చొప్పున పెరుగుతుంది. 10 మైక్రాన్ల ఖాళీ 20 అయితే లీకు రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లవుతుంది. పైగా ఆయిల్ వేడెక్కి పలచబడే కొద్దీ లీకు ఇంకా పెరుగుతుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు బాగా పనిచేసిన పాత యంత్రం మధ్యాహ్నానికి నీరసించడానికి కారణం ఇదే. కొనేవారికి చల్లటి ఇంజనుతో పది నిమిషాలు నడిపి చూపించడం పరీక్ష కాదని అందుకే అంటారు.

కదలకుండా ఉన్న ఏళ్ళలో లోపల ఏం జరుగుతుంది

పనిచేసే యంత్రం అరుగుతుంది, పనిచేయని యంత్రం కుళ్ళుతుంది. రెండింటి నష్టాలు వేర్వేరు చోట్ల కనిపిస్తాయి. ఆయిల్ ట్యాంకు పైభాగంలోని గాలి పగటి ఎండకు వ్యాకోచించి బయటికి పోతుంది, రాత్రి చల్లబడి తేమగాలిని లోపలికి లాగుతుంది. ఈ ఊపిరి ప్రతిరోజూ సాగుతుంది. లోపలి గోడలకు పట్టిన తేమ బొట్లు బొట్లుగా ఆయిల్‌లో దిగి అడుగుకు చేరుతుంది. డీజిల్ ట్యాంకులోనూ ఇదే జరుగుతుంది. అక్కడ నీటికీ డీజిల్‌కూ మధ్య సూక్ష్మజీవులు పెరిగి జిగట పదార్థంగా మారి ఫిల్టర్లను మూసేస్తాయి. నైట్రైల్ రబ్బరు సీళ్ళు ఒకే భంగిమలో ఏళ్ళ తరబడి నలిగి గట్టిపడి సాగే గుణం పోగొట్టుకుంటాయి.

చివరి రోజు డ్రైవరు యంత్రాన్ని ఏ భంగిమలో ఆపాడన్నది దాని భవిష్యత్తును చాలావరకు నిర్ణయిస్తుంది. సిలిండర్ రాడ్ల మీద ఉండే హార్డ్ క్రోమ్ పూత సుమారు 20 నుంచి 30 మైక్రాన్ల మందం మాత్రమే, పైగా దానిలో కంటికి కనిపించని పగుళ్ళుంటాయి. రాడ్ సిలిండరు లోపల ఉంటే ఆయిల్ దాన్ని కాపాడుతుంది. బయటికి చాచి వదిలేస్తే పగుళ్ళలోంచి తేమ దిగి అడుగు ఉక్కు తుప్పుపట్టి క్రోమ్ పొరలు పొరలుగా లేస్తుంది. ఆయిల్‌లో మునిగిన భాగం కొత్తదానిలా మెరుస్తూ, బయట మిగిలిన భాగం బొరియలు పడిపోవడం ఒకే రాడ్ మీద కనిపిస్తుంది. ఉప్పుగాలి తగిలే కోస్తాలో ఈ నష్టం పొడిగా ఉండే మెట్ట ప్రాంతంలో కంటే వేగంగా జరుగుతుంది. పాత యంత్రం చూడడానికి వెళ్ళిన వ్యక్తి ముందుగా చూడవలసింది రంగును, ఇంజనును కాదు, ఈ రాడ్లను.

ఇంజను విషయంలో రెండు వాదనలు

ఇంజను జామ్ అయిందన్న మాట రెండు వేర్వేరు స్థితులకు వాడతారు. ఆయిల్ లేక బేరింగులు కాలి అతుక్కుపోవడం ఒకటి. అటువంటి ఇంజనును విప్పక తప్పదు. నిలిచి ఉన్న కాలంలో పొగ గొట్టం ద్వారా వాననీరు దిగి పిస్టన్ రింగులు లైనర్‌కు, అంటే సిలిండరు లోపలి గోడకు, తుప్పుతో అంటుకోవడం రెండోది. ఇందులో డీజిల్ చిమ్మే నాజిళ్ళు తీసి తుప్పు వదిలించే నూనె పోసి కొన్ని రోజులు నాననిచ్చి, క్రాంకును చేతి పానాతో ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా కదపడం వల్ల చాలాసార్లు వదులవుతుంది. చేత్తో రెండు పూర్తి చుట్లు తిరగకముందే సెల్ఫ్ కొట్టడం మాత్రం ప్రమాదం. సిలిండరులో నీరుంటే అది నలగదు, దాని బదులు కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

ఇక్కడే మెకానిక్‌ల మధ్య అభిప్రాయ భేదం ఉంది. ముందు స్టార్ట్ చేసి చూడాలి, శబ్దం, పొగ, ఆయిల్ ప్రెషర్ చూస్తే లోపల ఏముందో తెలుస్తుంది, అనవసరంగా విప్పితే ఉన్న గ్యాస్కెట్లు కూడా పోతాయి అన్నది ఒక వాదం. డబ్బు పెట్టకముందే యంత్రం స్థితి తెలుస్తుంది కనుక ఈ వాదంలో బలం ఉంది. ముందు ఇంజను అడుగున ఆయిల్ నిలిచే తొట్టి (సంపు) విప్పి బేరింగులు చూడాలి, డీజిల్ పంపును బెంచి మీద పరీక్షించాలి, ఆ తర్వాతే స్టార్ట్ చేయాలన్నది రెండో వాదం. దీనికి గట్టి ఆధారం డీజిల్ పంపులో ఎంత డీజిల్ వెళ్ళాలో నిర్ణయించే ర్యాక్ అనే కడ్డీ. ఏళ్ళ తరబడి కదలని ర్యాక్ ఎక్కువ డీజిల్ ఇచ్చే స్థానంలో బిగుసుకుపోయి ఉంటే స్టార్ట్ అయిన ఇంజను అదుపు తప్పి వేగం పెంచుకుంటూ పోతుంది, తాళం తీసినా ఆగదు. నా అభిప్రాయంలో రెండు వాదాలకూ నడిమార్గం ఉంది. పూర్తిగా విప్పకపోయినా ర్యాక్ చేత్తో కదులుతున్నదో లేదో చూడడం, గాలి లోపలికి వెళ్ళే నోటిని మూయడానికి బల్లచెక్కతో ఒక మనిషిని సిద్ధంగా నిలబెట్టడం తప్పనిసరి. అరచేత్తో ఆ నోరు మూయబోవడం ప్రాణాంతకం.

ఇంకో చిన్న సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఇంజను కవర్ల కింద, క్యాబిన్‌లో, బ్యాటరీ పెట్టెలో కందిరీగలూ పాములూ కాపురం ఉంటాయి. ఎలుకలు కొరికిన వైర్లు షార్ట్ అయితే పాత ఆయిల్ మురికి వెంటనే అంటుకుంటుంది. బ్యాటరీ తగిలించే ముందు శుభ్రం చేయడం ఈ రెండు కారణాల వల్ల అవసరం.

ఆయిల్ చెప్పే నిజం

ఇంజను మోగిన క్షణంలోనే హైడ్రాలిక్ పంపు కూడా తిరుగుతుందన్నది చాలామంది మరిచిపోయే విషయం. ఈ తరం యంత్రాల్లో పంపు ఇంజనుకు నేరుగా బిగించి ఉంటుంది, మధ్యలో విడదీసే క్లచ్ ఉండడం అరుదు. అంటే ఇంజను పరీక్ష కోసం నడిపిన ప్రతి నిమిషం, ట్యాంకు అడుగున పేరుకున్న నీరు, తుప్పు రజను, సీళ్ళ ముక్కలు పంపులోకి వెళుతున్నాయన్నమాట. పిస్టన్ పంపులో ఇంచుమించు అన్ని భాగాలూ ఆయిల్ పొర మీదే తేలుతూ తిరుగుతాయి. ఆ పొర నీటితో బలహీనమైనా, గాలితో తెగిపోయినా లోహం లోహాన్ని రాసుకుంటుంది. ఏళ్ళు పనిచేయగల పంపు ఇలా కొన్ని నిమిషాల్లో పాడైపోవచ్చు. ఆ పంపు నుంచి వచ్చిన లోహపు రజను కంట్రోల్ వాల్వుకూ, సిలిండర్లకూ, మోటార్లకూ చేరుతుంది. వీడియోలో చప్పట్లు మోగుతున్న వేళ ఒక మంచి యంత్రం ఇలా చెడిపోతూ ఉండవచ్చునన్నది నన్ను నిజంగా బాధించే విషయం.

కాబట్టి క్రమం తిరగబడాలి. ముందు ట్యాంకు అడుగు బోల్టు వదులు చేసి మొదట వచ్చేదాన్ని గాజు సీసాలో పట్టాలి. కింద నీరు విడిగా పేరుకుంటే అది ఒక స్థితి. ఆయిల్ పాలలా తెల్లబడి ఉంటే నీరు దానిలో కలిసిపోయిందని అర్థం. ఫిల్టర్‌ను కోసి మడతల్లో చూస్తే పాత యంత్రం ఎందుకు ఆగిపోయిందో కూడా కొన్నిసార్లు తెలుస్తుంది. ఇత్తడి రంగు పొడి కనిపిస్తే పంపులోనో మోటారులోనో అరుగుదల ఉందనీ, నల్లటి రబ్బరు తునకలు కనిపిస్తే సీళ్ళు విరుగుతున్నాయనీ అనుమానించాలి.

లోపలి మురికిని డీజిల్‌తో కడగాలా వద్దా అన్నది మరో వివాదం. డీజిల్ మురికిని బాగా కరిగిస్తుంది, చౌక, అందుబాటులో ఉంటుంది అంటారు పాత మేస్త్రీలు. ట్యాంకును విప్పి చేత్తో తుడిచి కడగడానికి ఆ మాట సరైనదే. అయితే డీజిల్ నింపి పంపును నడిపించి కడగడం వేరు. డీజిల్ హైడ్రాలిక్ ఆయిల్ కంటే ఎంతో పలచన కనుక పంపు భాగాల మధ్య పొరను నిలపలేదు. గొట్టాల మలుపుల్లో మిగిలిపోయి కొత్త ఆయిల్‌ను కూడా పలచబరుస్తుంది. 20 టన్నుల తరగతి యంత్రంలో మొత్తం ఆయిల్ కొన్ని వందల లీటర్లు కాబట్టి, అంత ఆయిల్ పోసి తీసివేయడం భారమే. ఆ భారాన్ని తగ్గించుకోవడానికి చౌకరకం ఆయిల్‌తో తక్కువ ఒత్తిడిలో కొన్ని గంటలు నడిపి, దాన్ని తీసేసి, ఫిల్టర్లు మార్చి, తర్వాత మంచి ఆయిల్ నింపే పద్ధతి కొందరు పాటిస్తారు. ఖర్చు ఎక్కువైనా కారణాలు చూస్తే ఇదే మెరుగనిపిస్తుంది.

కొత్త ఆయిల్ పోశాక కూడా పంపు కవచంలో ఆయిల్ నింపకుండా, ట్యాంకు నుంచి పంపుకు ఆయిల్ తెచ్చే సక్షన్ గొట్టంలో గాలి తీయకుండా స్టార్ట్ చేయకూడదు. మొదటిసారి ఇంజనును తక్కువ వేగంలో ఉంచి, బరువు లేకుండా, ఒక్కో సిలిండరును చివరిదాకా వెళ్ళకుండా నెమ్మదిగా ముందుకూ వెనక్కూ కదుపుతూ గాలిని ట్యాంకుకు రప్పిస్తారు.

రాడ్లు, హోసులు, కంటికి కనిపించని ప్రమాదం

బొరియలు పడిన రాడ్‌కు కొత్త సీల్ కిట్ వేయడం డబ్బు వృథా. ప్రతి రాకపోకలో ఆ బొరియ అంచు సీలు పెదవిని కోస్తుంది. రాడ్‌ను అరగదీసి మళ్ళీ హార్డ్ క్రోమ్ వేయించడం, లేదా కొత్త క్రోమ్ రాడ్‌ను కొని పాత రాడ్ చివర పిన్ను దూరే కన్నుకు వెల్డింగ్ చేయించడం స్థిరమైన మార్గాలు. చిన్న బొరియలను ఎపాక్సీతో నింపి నునుపు చేసేవారూ ఉన్నారు. సీలు తాకని చోట, తక్కువ పని చేసే యంత్రానికి అది కొంతకాలం ఆగవచ్చు.

హోస్ పైపుల విషయంలో రాజీ ఉండకూడదు. పైన రబ్బరు బాగున్నట్టు కనిపించినా లోపలి ఉక్కు తీగల అల్లిక తుప్పుపట్టి ఉండవచ్చు. బూమ్ ఎత్తి ఉండగా హోస్ పగిలితే అంత బరువూ ఒక్కసారిగా కూలుతుంది. అంతకంటే మోసకరమైనది సూదిమొన అంత రంధ్రం. దానిలోంచి వచ్చే ఆయిల్ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి వెళుతుంది. గాయం చీమ కుట్టినంతే కనిపిస్తుంది, మొదట నొప్పి కూడా పెద్దగా ఉండదు. కానీ అది వెంటనే శస్త్రచికిత్స అవసరమైన స్థితి, ఆలస్యమైతే వేలో చెయ్యో పోతుంది. లీకును చేత్తో తడిమి వెతకకుండా అట్టముక్క అడ్డుపెట్టి వెతకాలనడం ఇందుకే.

చైన్ల విషయం క్లుప్తంగా చెప్పవచ్చు. బిగుసుకున్న పిన్నులు నడవగా నడవగా కొంత వదులవుతాయి, అరిగిన స్ప్రాకెట్లు, రోలర్లు కంటికే కనిపిస్తాయి. చైన్ బిగింపు గ్రీజు సిలిండరుతో జరిగే యంత్రాల్లో ఆ వాల్వును పూర్తిగా విప్పకూడదు, లోపల బలమైన స్ప్రింగు ఒత్తిడి ఉంటుంది. నడక బ్రేకులు చాలా యంత్రాల్లో ఆయిల్ ఒత్తిడి వస్తేనే వదులుతాయి. అందువల్ల చచ్చిన యంత్రాన్ని లాగి తీసుకువెళ్ళబోతే చైన్లు తిరగక నేలను దున్నుతాయి, లేదా మోటార్లు దెబ్బతింటాయి.

బాగుచేయడం లాభమా, తుక్కుకు అమ్మడం లాభమా

కొత్త నిర్మాణ యంత్రాలకు 2021 ఏప్రిల్ నుంచి నాలుగో దశ, 2025 జనవరి నుంచి అయిదో దశ కాలుష్య ప్రమాణాలు వచ్చాయి. వాటితో ఇంజన్లు శుభ్రమయ్యాయి, ధర కూడా పెరిగింది. పాత యంత్రాల మీద ఆసక్తి పెరగడానికి ఇది ఒక కారణం. పొగ ఎక్కువ, డీజిల్ ఎక్కువ, డ్రైవరుకు రక్షణ తక్కువ అన్న అభ్యంతరాలు నిజమైనవే. ఉన్న ఇనుమునే మళ్ళీ వాడడం కూడా ఒక పొదుపే అన్న వాదం కూడా కొట్టివేయదగినది కాదు. ఏడాదంతా పనిచేయించే వ్యక్తికి మొదటి మాట బరువైనది, సొంత పొలంలో నెలకు నాలుగు రోజులు పనికి వాడే రైతుకు రెండోది బరువైనది.

లెక్కలో తరచుగా జారిపోయే అంశం తుక్కు విలువ. ఊహించిన అంకెలతో చూద్దాం. యంత్రం బరువు 14 టన్నులు, తుక్కు ధర కిలో 30 రూపాయలు అనుకుంటే అది ఈరోజే 4 లక్షల 20 వేల రూపాయలు తెస్తుంది. మరమ్మతుకు 9 లక్షలు అవుతుందనుకుంటే నిజంగా పెట్టిన పెట్టుబడి 13 లక్షల 20 వేలు. ఆ తర్వాత 3,000 గంటలు పనిచేస్తే గంటకు 440 రూపాయలు పడుతుంది. పంపు చెడి 600 గంటలకే ఆగితే గంటకు 2,200 రూపాయలు. డీజిలు, డ్రైవరు ఖర్చు వీటికి అదనం. రెండు ఫలితాల మధ్య తేడా అంతా పంపు, వాల్వు స్థితిలో ఉంది. ఇంజను పాడైతే మరో పాత ఇంజను తెచ్చి బిగించవచ్చు, పాత పంపుకు జత దొరకడం అంత సులువు కాదు.

సేకరణ కోసం బాగుచేసేవారి దృష్టి వేరు. వారికి అసలు భాగాలే విలువైనవి, గంటల లెక్క వారికి వర్తించదు. పనికోసం బాగుచేసేవారు వేరే కంపెనీ పంపు పెట్టినా తప్పు లేదు, ప్రవాహం, ఒత్తిడి, తిరిగే దిశ సరిపోవాలి. ఎవరికైనా చివరి పరీక్ష ఒకటే. యంత్రాన్ని గంటసేపు పనిచేయించి ఆయిల్ బాగా వేడెక్కాక, బకెట్‌లో మట్టి నింపి, కింద ఎవరూ లేని చోట బూమ్‌ను కొంచెం పైకెత్తి, ఇంజను ఆపి, బూమ్ సిలిండర్ రాడ్ మీద సీలు అంచుకు కొంత దూరంలో సుద్దముక్కతో గీత గీసి ఆ దూరం కొలుస్తారు. పది నిమిషాల తర్వాత వచ్చి ఆ గీత ఎంత జరిగిందో స్కేలుతో కొలుస్తారు. ఎంత ఎక్కువ జరిగితే లోపలి లీకు అంత ఎక్కువన్నమాట.